భుజం మీది చెయ్యి

నేను ఒక సగం ఫోటోను. మిగతా సగం విజయవాడలో ఒక గ్యాస్ పొయ్యి మీద బూడిదైపోయింది. ఉన్న సగంలో తెల్ల సిల్కు జుబ్బా వేసుకుని, చేతిలో కొత్త పుస్తకం పట్టుకుని, ఊరంతా తననే చూస్తోందన్న ధీమాతో నవ్వుతున్న ఇరవై ఆరేళ్ళ యువకుడున్నాడు. పేరు కొల్లిపర గంగాధరం. కథకుడు. ఈమధ్యే డెబ్బై దాటి ఆత్మకథ రాశాడు. దాని గురించి మీకు ఆయనే చెబుతాడు, చెప్పకుండా వదలడు. ఆయన చెప్పనిది నేను చెబుతాను. నాకు ఆయన మీద పగ ఉంది. నన్ను కత్తిరించినందుకు కాదు. కత్తిరించి తగలబెట్టిన సగంలో ఉన్న మనిషి కోసం.

నేను తెనాలిలో పుట్టాను. గడియారం సెంటర్ దగ్గర్లో ఒక స్టూడియో, దాని వెనక ఎర్ర బల్బు గది, ఆ గదిలో మందునీళ్ళ పళ్ళెం. నీళ్ళలోంచి మొదట గంగాధరం జుబ్బా తేలింది, తర్వాత పళ్ళు తేలాయి, ఆ తర్వాత నెమ్మదిగా పక్కనున్నవాడు తేలాడు. నల్లగా, పొడుగ్గా, మోచేతి మీద మాసిక వేసిన చొక్కాతో. వాడు బేతాళ ఏసుపాదం. గంగాధరానికి బడి నాటి స్నేహితుడు, ప్రెస్సులో అక్షరాలు పేర్చే కంపోజిటర్. వాడు గంగాధరం వీపు వెనకనుంచి ఎడమ చెయ్యి పోనిచ్చి, అతని అవతలి భుజం మీద వేశాడు. కొత్తగా గాయం మానిన చెయ్యి. చూపుడు వేలూ నడిమి వేలూ సగం వరకే ఉన్నాయి.

ఆ వేళ్ళ కథ చెప్పాలి. గంగాధరం మొదటి కథల పుస్తకం వేస్తామన్నవాళ్ళు లేరు. ప్రెస్సు యజమానిని బతిమాలి ఏసుపాదం ఆదివారాలు మిషన్ వాడుకునే అనుమతి తెచ్చాడు. ఆరు ఆదివారాలు అక్షరం అక్షరం ఏరి పేర్చాడు. కాలితో తొక్కే ట్రెడిల్ మిషన్ మీద, కుడి చేత్తో కాయితం పెట్టి ఎడమ చేత్తో తీస్తూ, కొన్ని పేజీల చొప్పున ఫారం తర్వాత ఫారం అచ్చు వేశాడు. గంగాధరం పక్కన స్టూలు మీద కూర్చుని సోడా తాగుతూ ప్రూఫులు చూసేవాడు. ఆఖరి ఫారం రోజున, మిషన్ తిరుగుతుండగా, ఒక వాక్యం మార్చాలనిపించింది ఆయనకు. ఆపమని అడిగే ఓపిక లేక, ఇది చూడరా అంటూ కాయితం ఏసుపాదం ముఖానికి అడ్డం పెట్టాడు. ఎడమ చెయ్యి లోపలుండగానే మిషన్ మూసుకుంది. ఆ వాక్యం ఇప్పటికీ ఆ పుస్తకంలో పాత పద్ధతిలోనే ఉంది.

గాయం మానగానే ఇద్దరూ స్టూడియోకి వచ్చారు. ఒకటే ప్రింటు కడిగించారు. ప్రెస్సులో పడుకునేవాడికి ఫోటో ఎందుకు, నీ దగ్గరే ఉండనీరా అన్నాడు ఏసుపాదం. పొట్టి వేళ్ళతో అక్షరాలు పేర్చే స్టిక్ పట్టుకోవడం చేతకాక తర్వాత నెలలోనే ప్రెస్సు పని పోయింది. సినిమా హాలు గుమ్మం దగ్గర టిక్కెట్లు చింపే పనిలో కుదిరాడు. గంగాధరానికి మాత్రం పుస్తకంతో పేరొచ్చింది, పేరుతో విజయవాడలో ఉద్యోగం వచ్చింది. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, ఏరు దాటాక బోడిమల్లయ్య అని ఊరికే అనలేదు పెద్దలు.

నన్ను గంగాధరం తల్లి హాల్లో మేకుకి తగిలించుకుంది. వచ్చినవాళ్ళకి ఇద్దరినీ చూపించేది. ఆవిడ పోయాక గంగాధరం భార్య శేషారత్నం నన్ను ట్రంకు పెట్టెలో పట్టుచీరల కింద పెట్టింది. కలరా ఉండల వాసనలో నలభై ఏళ్ళ దాకా పడుకున్నాను. ఏసుపాదం ఎప్పుడు పోయాడో నాకు తెలియలేదు. గంగాధరానికి తెలిసింది. వెళ్ళలేదు.

నేను మళ్ళీ వెలుగు చూసింది ఆత్మకథకి అట్ట బొమ్మ కావలసి వచ్చినప్పుడు. అప్పటికే ఆ పుస్తకంలో 'నా చేతులు' అనే అధ్యాయం తయారై ఉంది. అందులో అక్షరాలు పేర్చింది తనే, మిషన్ తొక్కింది తనే. ఏసుపాదం పేరు మూడు వందల పేజీల్లో ఎక్కడా లేదు. అబద్ధానికి అడ్డం వచ్చేది నేనొక్కదాన్నే. అందుకని మీసాలు కత్తిరించుకునే కత్తెర తీసుకుని, తన కుడి చెవి పక్కనుంచి కిందికి కోసుకుంటూ వచ్చి, ఆ ముక్కని పొయ్యి మీద పెట్టాడు. వాసనకి శేషారత్నం వంటింట్లోకి వచ్చింది. ఏవిటని అడగలేదు. పొయ్యి చుట్టూ ఉన్న బూడిదని గుడ్డతో తుడిచింది. అలా తుడవడం ఆవిడకి పెళ్ళైన నాటి నుంచీ అలవాటే.

ఆయన ఒక్క పొరపాటు చేశాడు. నాలో ఏనాడూ తన ముఖం తప్ప ఇంకేమీ చూడని మనిషి, అవతలి భుజం చూసుకోలేదు. పైగా అట్ట బొమ్మ వేసే అమ్మాయికి గట్టిగా చెప్పాడు, పాత ఫోటో పాతగానే ఉండాలి, ఒక్క చుక్క కూడా ముట్టుకోవద్దు అని. ఆ అమ్మాయి ముట్టుకోలేదు.

పుస్తకాల కట్ట ఇంటికి వచ్చిన రోజు అందరూ చుట్టూ చేరారు. కొడుకు భార్య అట్ట చూసి, మామయ్యగారూ ఈ చెయ్యి ఎవరిదండీ అంది. అప్పుడు చూసుకున్నాడు. వెయ్యి పుస్తకాలు, వెయ్యి భుజాలు, ప్రతి భుజం మీదా ఆ పొట్టి వేళ్ళ చెయ్యి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు కదా, నా కళ్ళారా చూశాను. నిజంగానే తడుముకున్నాడు. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

మా అన్నయ్యది అన్నాడు కోడలితో. తర్వాత ఊళ్ళ మీద పడ్డాడు. ఆత్మకథ రాయడం ఒక ఎత్తు, దాన్ని మోసుకుని తిరగడం ఇంకో ఎత్తు. ప్రతి సభకీ నన్ను ప్లాస్టిక్ కవర్లో పెట్టి తీసుకెళ్ళి, అసలు ఫోటో ఇదీ అని బల్ల మీద నిలబెట్టేవాడు. 'నా చేతులు' చదివేవాడు. చదువుతూ రెండు చేతులూ పైకెత్తి చూపించేవాడు. పేపరు చదివేటప్పుడు తప్ప సిరా అంటని చేతులవి. చప్పట్లు పడేవి. సభ అయ్యాక సంతకాల దగ్గర అందరిదీ ఒకటే ప్రశ్న. గుంటూరులో అది నాటకాల గురువుది అన్నాడు. ఏలూరులో స్టూడియో వాడు నిలబెట్టి సర్దుతున్న చెయ్యి అన్నాడు. ముందుమాట రాసిన పాత మిత్రుడు పానకాలు ప్రతి సభలోనూ వేదిక మీదే ఉన్నాడు. ఆయనకు ఏసుపాదం బాగా తెలుసు. శాలువా కప్పించుకుని కూర్చున్నవాడికి నోరెలా పెగులుతుంది? పుస్తకాల షాపుల్లో జనం పేరు అడగడం మానేశారు. చెయ్యి పుస్తకం ఉందా అని అడుగుతున్నారు.

ఆఖరి సభ తెనాలిలో. శేషారత్నం మొదటి వరసలో కూర్చుంది. అధ్యాయం చదవడం అయ్యాక వెనక వరసలోంచి ఒకాయన చెయ్యి ఎవరిదో చెప్పమన్నాడు. సొంత ఊరు కదా, గంగాధరం గొంతు గద్గదం చేసుకున్నాడు. అది తన తండ్రి చెయ్యి అనీ, ఆ ఆశీర్వాదమే తనని ఇంతవాణ్ణి చేసిందనీ చెప్పాడు. కొందరు ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

తలుపు దగ్గర గోడకి ఆనుకుని ఒక ముసలామె నిలబడి ఉంది. తెల్ల చీర, చేతిలో పేపరు ముక్క. అందులో నా బొమ్మే, సభ ప్రకటనతో పాటు వేసింది. కుర్చీల మధ్యనుంచి నడిచి బల్ల దాకా వచ్చింది. నన్ను చూసింది. చూపుడు వేలితో ప్లాస్టిక్ మీదనుంచే ఆ చేతిని తాకింది.

"ఈ చెయ్యి మీ నాయనది కాదయ్యా," అంది. "ముప్పై ఒక్క ఏడాది ఈ మనిషికి పొద్దున్నే చొక్కా గుండీలు నేనే పెట్టా. వేళ్ళు లేవుగా, ఆయనకి కుదిరేది కాదు. మీ పుస్తకం కోసమే పోయినయ్యని చెప్పేవాడు. మా గంగాధరం గొప్పోడయ్యాడని కూడా చెప్పేవాడు. పుస్తకంలో ఆయన పేరుంటదని వచ్చా. అంతే."

గంగాధరం ఆ పేరు చెబితే చాలు. నాలుగే అక్షరాలు, ఆయన జీవితమంతా అక్షరాలతోనే కదా బతికాడు. నేను కూడా ఒక్క క్షణం పగ పక్కన పెట్టి ఎదురుచూశాను. గంగాధరం కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు.

శేషారత్నం లేచి నిలబడింది. సభల్లో ఆవిడ మాట ఎవరూ విన్నది లేదు. మైకు లేకుండానే అందరికీ వినిపించింది.

"ఎవరేవిటండీ. సువార్తమ్మగారు. ఏసుపాదం భార్య. ప్రెస్సులో ఉన్నప్పుడు మన పెళ్ళి శుభలేఖలు అచ్చేసి, వీధి వీధీ తిరిగి పంచిపెట్టింది ఆయనే. మీరు పొయ్యి మీద కాల్చింది ఆయన్నే."

పానకాలు శాలువా తీసి మడతపెట్టడం మొదలుపెట్టాడు. నిర్వాహకుడు గబగబా వందన సమర్పణ చదివేశాడు. ఆరోజు తెనాలిలో పుస్తకాలన్నీ అమ్ముడుపోయాయి. సంతకం మాత్రం ఎవరూ అడగలేదు. గంగాధరం పెన్ను మూత తీసి పట్టుకుని, హాలు ఖాళీ అయ్యేదాకా ఆ కుర్చీలో కూర్చున్నాడు. నా పగ తీరిందా అని అడగండి. సగం తీరింది.

సువార్తమ్మ ఇంట్లో ఏసుపాదం ఫోటో లేదు. రేషన్ కార్డు మీద ఉన్నది వానకి తడిసి చెరిగిపోయిందట. ఆ సంగతి మెట్లు దిగుతూ శేషారత్నంతో చెప్పింది. శేషారత్నం మళ్ళీ పైకి వచ్చి, భర్త ముందున్న బల్ల మీదనుంచి నన్ను తీసింది. ఆయన చెయ్యి చాచాడు. ఆవిడ ఆ చేతికేసి చూసి, దిగి వెళ్ళి నన్ను సువార్తమ్మకి ఇచ్చేసింది.

ఇప్పుడు నేను తెనాలిలోనే, సువార్తమ్మ గదిలో ఉన్నాను. ఆవిడ దగ్గర చిన్న ఫ్రేమొకటి ఉంది, నేను దానికి వెడల్పయ్యాను. కత్తెర పెట్టలేదు. ఇంకా కోతలెందుకులే అనుకుందేమో. గంగాధరం మెడ దగ్గర గోటితో గీత గీసి, ముఖమున్న వైపుని వెనక్కి మడిచి, ఫ్రేములో బిగించింది. గాజులోంచి కనిపించేది ఒక తెల్ల సిల్కు భుజం, దాని మీద రెండు వేళ్ళు పొట్టివైన చెయ్యి, అంతే. గంగాధరం ఫ్రేము వెనక అట్టకేసి తిరిగి ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నాడు.

మొన్న పక్కింటావిడ పంచదార కోసం వచ్చి, ఆ చెయ్యి ఎవరిదని అడిగింది. మా ఆయనది అంది సువార్తమ్మ. వచ్చినావిడ నా దగ్గరికొచ్చి చాలాసేపు చూసింది. భుజం ఎవరిదని అడగలేదు.