వెనక్కి ఇచ్చిన బంతి

కాడుగోడి మైదానంలో ఆ ఆదివారం పొద్దున పదకొండు మంది ముసలివాళ్లు జెర్సీల్లోకి దూరడానికి పడిన అవస్థ చూసినవాళ్లెవరైనా, వీళ్లు ఆట మొదలుకాకముందే ఓడిపోయారని చెప్పేస్తారు. ఒకరికి పొట్ట అడ్డం, ఒకరికి మోకాలు అడ్డం, ఇంకొకరికి రెండూ ఉన్నా ఒప్పుకోరు. ఎప్పుడో మూతబడిన ఫ్యాక్టరీ తాలూకు పాత ఫుట్‌బాల్ టీము అది. అవతలి పక్క నాగరాజ్ కోచింగ్ ఇస్తున్న ఆడపిల్లల టీము. నాగరాజ్ చిన్నప్పుడు ఈ పెద్దల ఆట చూసి పెరిగినవాడు. ఫ్యాక్టరీ స్పోర్ట్స్ రూము ఖాళీ చేస్తుంటే అక్కడి ఫొటోలూ కాయితాలూ చెత్తబండి పాలు కాకుండా మోసుకొచ్చాడు. వాటిని మైదానం పక్కనున్న రేకుల గదిలో అట్టల మీద అంటించి, పెద్దల్ని పిలిచి, ఈ సరదా మ్యాచ్ పెట్టాడు.

మునినారాయణప్ప హొసకోటె నుంచి మనవరాలు సహనతో బస్సెక్కి వచ్చాడు. ఇద్దరూ గోల్‌కీపర్లే. ఆయనకు అరవై మూడు, ఆ పిల్లకు పదిహేను. ఈ పూట ఎదురెదురుగా నిలబడాలి.

ఇంట్లో ఈ కీపింగ్ గురించి రోజూ గలాటానే. సహన గ్లవ్సు ఎండలో ఆరేస్తే ఆయన వాటిని రెండు వేళ్లతో ఎత్తి చూపేవాడు.

"ఇవేందే, పొయ్యి మింద గిన్నె దించే గుడ్డలా? మేము ఉత్త చేతుల్తో పడితిమి. బాల్ వస్తే ఎదకు హత్తుకోవల్ల. మీరు దాన్ని పక్కకు తోసి, పెద్ద పని చేసినట్ల చప్పట్లు కొట్టించుకుంటారు."

"ఇప్పుడు షాట్ స్పీడు చూసినావా తాతా? పట్టుకోబోతే జారతాది. పక్కకు తోసేదే సేఫ్. అదీ గాక ఇప్పుడు కీపర్‌కి చేతులకన్నా కాళ్లు ఇంపార్టెంట్."

కాళ్ల మాట వచ్చేసరికి ఆయన నోరు మూతబడేది.

మూతబడదా మరి. ఆ మనిషి బతుకు పాడైందే అక్కడ. 1992 దాకా, తమ డిఫెండర్ వెనక్కి ఇచ్చిన బంతిని కీపర్ హాయిగా చేత్తో తీసుకునేవాడు. రెండుసార్లు నేలకు కొట్టి, గాలి పీల్చుకుని, తీరిగ్గా ముందుకు తన్నేవాడు. ఆటలో అంతకన్నా భద్రమైన పని లేదు. ఆ ఏడాది రూలు మారింది. సొంత టీమువాడు కావాలని కాలితో ఇచ్చిన బంతిని కీపర్ చేత్తో ముట్టకూడదు. ఆ సంగతి లోకానికంతా కాయితం మీద తెలిస్తే, మునినారాయణప్పకు మాత్రం సెమీఫైనల్లో జనం ముందర తెలిసింది. ప్రాణస్నేహితుడు తిమ్మరాయప్ప వెనక్కి ఇచ్చాడు. ఈయన వంగి, ముద్దుగా ఎదకు హత్తుకున్నాడు. రెఫరీ ఈల వేశాడు. గోలుకు ఎనిమిది గజాల్లో ఫ్రీకిక్ ఇచ్చారు, గోల్ పడింది, టీము ఇంటికెళ్లింది.

ఆటతోపాటు ఉద్యోగమూ పోయింది. ఆయనా తిమ్మరాయప్పా ఇద్దరూ టెంపరరీలే. ఆ ఏడాది పర్మనెంట్ పోస్టు ఒక్కటే ఉంది, సెమీఫైనల్ ఆట చూసి ఇస్తామన్నారు. చూసి ఇచ్చారు. తిమ్మరాయప్ప ఫ్యాక్టరీ మూతబడేదాకా అందులోనే చేశాడు. మునినారాయణప్ప హొసకోటెలో ఒక లేత్ షెడ్డులో ఇనప రజను పీలుస్తూ ముప్పై ఏళ్లు నిలబడ్డాడు. కీపర్‌గా పదేళ్లు ఆయన పట్టిన షాట్లు ఎవరికీ గుర్తులేవు. కన్నడంలో 'కై' నారాయణప్ప, అంటే చెయ్యి నారాయణప్ప, అన్న పేరొకటి మిగిలింది.

రూలు నాకెవరూ చెప్పలేదని ఆయన ఆ రోజే టీము మేనేజర్ జ్ఞానప్రకాశంతో మొత్తుకున్నాడు. "అందరికీ చెప్పినాం, సంతకాలు ఉండాయి" అన్నాడు మేనేజర్. "నేను ఏ సంతకమూ పెట్టలేదు సార్" అంటే మొహం తిప్పుకున్నాడు. అప్పుడు తిమ్మరాయప్ప భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకుపోయాడు. "నీకు చెప్పకుండా ఉండి, ఇప్పుడు తప్పించుకునేదానికి అబద్ధం ఆడతాండాడప్పా. వాని మాట ఇడిసిపెట్టు" అన్నాడు.

ఆ మాట పట్టుకునే మునినారాయణప్ప బతికాడు. జ్ఞానప్రకాశాన్ని ముప్పై మూడేళ్లు తిట్టాడు. ఆయన పోయారని కబురొస్తే కడచూపుకు కూడా వెళ్లలేదు. తిమ్మరాయప్ప మాత్రం ప్రతి ఆదివారం కాడుగోడి నుంచి హొసకోటెకు వచ్చేవాడు. కాఫీ తాగేవాడు, భుజం మీద చెయ్యేసేవాడు. మునినారాయణప్ప కూతురు నేత్రావతి పెళ్లి రిజిస్టర్‌లో సాక్షి సంతకం కూడా తిమ్మరాయప్పదే. అందరూ నవ్విన చోట నవ్వని మనిషి ఒకడున్నాడన్న ధైర్యం చిన్నది కాదు.

ఆ ధైర్యం ఆ పొద్దున రేకుల గదిలో పోయింది.

సహన అట్టల మీది ఫొటోల్లో తాతను వెతుకుతూ ఒక టైపు కాయితం దగ్గర ఆగింది. "తాతా, ఇది బ్యాక్‌పాస్ రూల్ సర్క్యులర్. సెప్టెంబర్ పద్నాలుగు, నైంటీటూ. ప్లేయర్స్ అంతా చదివి సైన్ చేయాలంట" అని ఇంగ్లీషును తెలుగు చేసి చెప్పింది. కింద పదహారు పేర్లు, ఎదురుగా పదహారు సంతకాలు ఉన్నాయి.

"నీ పేరు కూడా ఉండాది. కానీ సైన్ నీది కాదు. పక్కన 'ఐ విల్ టెల్ హిమ్' అని రాసినారు. నేను చెప్తాను అని."

మునినారాయణప్ప కళ్లద్దాలు సర్దుకుని వంగాడు. ఇంగ్లీషు ఆయనకు రాదు, ఆ సంతకం మాత్రం వచ్చు. కన్నడ అక్షరాల చివర తోకలాగా సాగే ఆ గీత నేత్రావతి పెళ్లి రిజిస్టర్‌లో కూడా ఉంది.

సెప్టెంబర్ పద్నాలుగున తను ఊళ్లో లేడు. చిటికెన వేలి ఎముక విరిగి పుత్తూరు కట్టు కట్టించుకోవడానికి వెళ్లాడు. ఎనిమిది రోజుల తర్వాత తిరిగొచ్చాడు. కట్టు విప్పింది సెమీఫైనల్ ముందురోజు. అందాకా ప్రాక్టీసు లేదు, మ్యాచ్ లేదు. తిమ్మరాయప్పా తనూ ఒకే గదిలో, పక్కపక్క చాపల మీద పడుకున్నారు. అతనే అన్నం కలిపి పెట్టాడు. ఈ ఒక్క మాట చెప్పలేదు.

జ్ఞానప్రకాశం అబద్ధం ఆడలేదన్నమాట. మునినారాయణప్పకు మొదట వచ్చింది కోపం కాదు, సిగ్గు. చచ్చిపోయిన మనిషిని ఇన్నేళ్లు ఊరికే తిట్టిన సిగ్గు.

తిమ్మరాయప్ప బయట కొళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు.

"తిమ్మా, ఆ రూలు కాయితం లోపల ఉండాది. నీ సంతకం చూసినా."

తిమ్మరాయప్ప మొహం తుడుచుకోలేదు. నీళ్లు గడ్డం మీదుగా కారుతూనే ఉన్నాయి.

"మర్చిపోయినానప్పా. దేవుని సాక్షిగా మర్చిపోయినా. నువ్వు వచ్చినాక నీ నొప్పి, ఆ కట్టు, ఆ గలాటాలో నాకు గ్యాపకమే లేదు."

మునినారాయణప్ప గట్టిగా ఊపిరి పీల్చాడు. మరుపే అయితే దాన్ని ఎలాగో మింగవచ్చు. మనుషులు మరిచిపోతారు. మింగడానికి సిద్ధపడుతూనే అడిగాడు.

"మళ్లా ఎప్పుడు గ్యాపకం వచ్చె?"

తిమ్మరాయప్ప చెయ్యి చాపి కొళాయి కట్టేశాడు.

"బాల్ నా కాలు దాటినాక" అన్నాడు తిమ్మరాయప్ప. "నువ్వు వంగతాంటే గ్యాపకం వచ్చె."

"అరిచి ఉండొచ్చు గదా. కాలితో అని ఒక్క మాట."

"ఉండొచ్చు."

"యాల అరచలేదు?"

"పోస్టు ఒకటే ఉండెనప్పా." తిమ్మరాయప్ప ఏడుస్తున్నాడు. "అరచల్లనే నోరు తెరిస్తి. అది మనసులోకి వచ్చె. నోరు మూసుకుంటి. అంతే, రెండు సెకండ్లు. దానికి ముప్పై మూడేళ్లు నీ గడప తొక్కినానప్పా. ప్రతి ఆదివారం చెప్పల్లనే వచ్చినా."

"వచ్చి కాఫీ తాగి పోయినావు" అన్నాడు మునినారాయణప్ప.

అంతలో నాగరాజ్ ఈల వేశాడు. ఇద్దరూ మైదానంలోకి నడిచారు. అలవాటు కొద్దీ తిమ్మరాయప్ప భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. మునినారాయణప్ప పక్కకు జరిగాడు.

ఆట సంగతి చెప్పాలంటే పెద్దగా లేదు. ఆడపిల్లలు దయగల పిల్లలు కాబట్టి మొదటి సగంలో రెండే గోల్స్ వేశారు. అవతలి గోల్ దగ్గర సహన సరదాగా ముందుకొచ్చి, కాలితో బంతి ఆపి, తల ఎత్తి చూసి, కుడికీ ఎడమకీ పంచుతోంది. ఆగకుండా అరుస్తోంది. వెనక మనిషి, ఎడమ పక్క ఖాళీ, తిరుగు, ఆగు. ఈ కాలపు కీపర్లకు కాళ్లతో సమానంగా నోరు కూడా నేర్పుతారట. తమ కాలంలో కీపర్ అంటే మౌనంగా నిలబడి వచ్చింది పట్టేవాడు. మునినారాయణప్పకు ఆ పిల్ల అరుపులు ఒక్కొక్కటీ ఎక్కడో గుచ్చుకుంటున్నాయి. అన్నం పెట్టిన చేతిని తలుచుకున్నా కడుపు మండింది, కడచూపుకు వెళ్లని జ్ఞానప్రకాశం ఇంటిని తలుచుకున్నా మండింది.

ఆట ముగియడానికి ఇంకో అయిదు నిమిషాలుందనగా బంతి తిమ్మరాయప్ప కాళ్ల దగ్గరికి వచ్చింది. అతను సొంత గోలు వైపు తిరిగి, ఎవరికివ్వాలో తెలియక తడబడుతున్నాడు. వెనకనుంచి ఫర్హానా అనే బక్కపల్చని పిల్ల, టీము మొత్తానికి వేగం గలది, దూసుకొస్తోంది. తిమ్మరాయప్పకు కనబడలేదు. మునినారాయణప్పకు కనబడింది.

నోరు మూసుకుంటే చాలు. ఆ పిల్ల బంతి లాక్కుపోతుంది, తిమ్మడు అందరి ముందర బోర్లా పడతాడు, జనం నవ్వుతారు. ఎవరూ తప్పు పట్టరు. మునినారాయణప్పకు ఆ కోరిక నిజంగానే కలిగింది. నాలుక కొరుక్కునేంత గట్టిగా కలిగింది.

"తిమ్మా, వెనక! నాకియ్యి!"

ఆ అరుపుకు బయట కూర్చున్నవాళ్లు కూడా ఉలిక్కిపడ్డారు. తిమ్మరాయప్ప అదిరిపడి బంతిని వెనక్కి నెట్టాడు. అది ఆ రోజు దొర్లినట్టే మెల్లగా దొర్లుతూ వచ్చింది. పాత చేతులు వాటంతటవే కిందికి వంగాయి. సగం వంగి ఆగాయి. నాలుగు నెలలుగా ఇంటి సందులో సహన నేర్పినట్టు ఎడమ పాదం లోపలి వైపుతో బంతిని ఆపి, కుడి కాలితో పక్కకు పంపాడు. అవతలి గోల్ నుంచి సహన ఎగిరి చప్పట్లు కొట్టింది, ఎదుటి టీము కీపర్‌నన్న సంగతి మరిచిపోయి.

తిమ్మరాయప్ప పరుగులాంటి నడకతో వచ్చాడు. కళ్ల నిండా నీళ్లు, మొహం నిండా ఆశ. "అరిచినావు గదప్పా. నన్ను ఇడిసిపెట్టలేదు గదా నువ్వు. అంటే నా మింద కోపం..."

"అరిచేదానికి ఎంత సేపు పట్టిందో చూసినావా తిమ్మా?" అన్నాడు మునినారాయణప్ప.

తిమ్మరాయప్ప జెర్సీ కొసతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఇంక ఆదివారం రావద్దు" అని, మునినారాయణప్ప వెళ్లి గోల్‌పోస్టుల మధ్య నిలబడ్డాడు.