పాలల్లో కలిపిన పొడి

నా మొగుడు గంగారాం తాగుడు మానేసి ఐదు నెలలైంది. పెర్కిట్‌లో మా వాడకట్టంతా ఆ ముచ్చటే. "నీ నసీబ్ మంచిదే మంగా" అంటారు ఆడవాళ్లు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోయేది. ఆయన మానలేదు, నేను మాన్పించాను కదా అని.

పక్కింటి రాధాబాయి ఇందల్వాయి నుంచి తెచ్చిచ్చిన పొడి అది. "జర చిటికెడే. తెల్వకుండ కలుపు, మందు మీద మనసే పోతది" అంది. ఆయనకు రోజూ సాయంత్రం పసుపు పాలు తాగే అలవాటు. అందులోనైతే ఏదీ తెలియదనుకుని కలిపాను. మూడో రోజు నుంచే తిన్నగా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. అరుపులు లేవు, అన్నం పళ్లెం విసిరేయడం లేదు.

ఇంకేం కావాలే నీకు, అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. కావాలి! పెళ్లయి ఇరవై ఏళ్లు. "మంగా, నీకోసం మానేసిన" అని ఆయన ఒక్కసారి అంటే వినాలని ప్రాణం కొట్టుకుపోయేది. ఇప్పుడు అన్నా ఏం లాభం? అనేది ఆయనా, ఆ పొడా? దేవుడే పూనుకుని అందరి గ్లాసుల్లో ఇలాంటి పొడి కలిపాడనుకోండి. తాగుబోతు ఉండడు, దొంగ ఉండడు. నన్ను కావాలనుకుని నా దగ్గరికి వచ్చేవాడూ ఉండడు కదా.

నిన్న సాయంత్రం ఆయన వాకిట్లో కూర్చుని పసుపు కొమ్ములు విరిచి చూస్తున్నాడు. లోపలి రంగు చూసి, ముక్క నాలుక మీద పెట్టుకుని, అది సిరికొండ చేనుదో మా చేనుదో చెప్పేస్తాడు. ఆర్మూర్ బేరగాళ్లు కూడా ఆయన్నే పిలిచి అడుగుతారు. గ్లాసు పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఇక దాచడం నా వల్ల కాలేదు.

"గీ పాలల్ల ఐదు నెలల సంది పొడి కలుపుతున్న," అన్నాను ఏడుస్తూ. "ఇయ్యాల కలపలే. తాగాలనిపిస్తే పో, నేను ఆపను."

"నాకు తెల్వదనుకున్నవానే?"

"అయ్యో! ఎప్పుడు తెల్సింది?"

"మొదటి రోజే. పసుపు నాకి చేను పేరు చెప్పెటోనికి పసుపులనే కలిపి తెస్తివి! ఏం తెలివే నీది?" అని పకపకా నవ్వాడు. "నాలుకకు తగలంగనే తెల్సింది, ఒక్క గుక్క మింగలే. అన్ని గా కుక్కకే పోసిన."

రోజూ మా ఇంటి చుట్టే తిరిగే నల్లకుక్క. దాన్ని చీపురుతో ఎన్నిసార్లు తరిమానో!

"మరి మందు?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "తాగాలనే ఉంటది. వైన్స్ ముంగట కాళ్లు ఆగుతయ్. నువ్వు గ్లాసు పట్టుకొని నిలబడ్డది యాదికొస్తది, వచ్చేస్త. రేపటి సంగతి నాకు తెల్వదు."

"నాకెందుకు చెప్పలే?"

"పొడిని నమ్మి నవ్వుతున్నవ్. నన్ను నమ్మి ఎన్నడన్న నవ్వినవానే?"

నేను కోరుకున్నది ఐదు నెలలుగా రోజూ నా వాకిట్లోకి వస్తూనే ఉంది. నేనేమో ఆ పొడికి దండం పెట్టుకుంటూ కూర్చున్నాను.

ఇవాళ పొద్దున పసుపు ఆటోలో వేసుకుని ఆర్మూర్ మార్కెట్‌కు పోయాడు. వచ్చే దారిలోనే వైన్స్. పొద్దు వాలింది. ఉత్త పసుపు పాలు కాచి వాకిట్లో నిలబడ్డాను. ఆటో చప్పుడైన ప్రతిసారీ రోడ్డు వైపు తొంగి చూస్తున్నాను. నల్లకుక్క అప్పుడే వచ్చి, గ్లాసు వైపు చూస్తూ తోక ఊపుతోంది.

"ఇయ్యాల నీకు లేవే," అన్నాను దానితో. "ఆయన తాగుతడు."