మరియమ్మ కుడిచెయ్యి

బ్రష్షులు కడగడం ఆడవాళ్ల పనేనని ఏ గ్రంథంలో రాసి ఉందో మార్తకు తెలియదు గాని, పెళ్లైన మర్నాటి నుంచీ ఆ పని ఆమెదే. గుణదలలో సందు చివర పెంకుటిల్లు, వసారా మీద ‘ఫిలిప్ ఆర్ట్స్’ అని బోర్డు. ఆ శనివారం ఉదయం పెరట్లో పీట వేసుకుని, కిరసనాయిల్లో నానిన బ్రష్షుల్ని వేళ్లతో నలిపి, సబ్బునీళ్లలో జాడించి పాతగుడ్డ మీద ఆరబెడుతుంటే వసారాలోంచి కేక వినిపించింది.

“ఏమే మార్తా, తెల్లచొక్కా ఇస్త్రీ అయిందా? సాయంత్రం కండువా కప్పుతారంట. తెల్లచొక్కా మీద తెల్లకండువా కప్పితే మనిషి కనపడతాడంటావా?”

“కనపడతారులెండి. అది తెల్లది కాదు, మామిడిపండు రంగు. తెచ్చింది నేనేగా.”

నిజమే. ఇన్నేళ్లుగా బొమ్మలు వేస్తున్నందుకు ఫిలిప్‌కు చేసే సన్మానానికి మంచి నేతకండువా కావాలని చర్చి కమిటీవాళ్లు మంగళగిరికి మార్తనే పంపారు. సన్మానం మొగుడికి, బస్సులో నిలబడి వెళ్లి బేరమాడి తేవడం పెళ్లానికి. “మీకు రంగులు బాగా తెలుసు కదక్కా” అన్నారు. అంతవరకే తెలుసనుకున్నారు.

ఫిలిప్ చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యి చేసుకోడు, ఆదివారం పూజ తప్పడు. ఆయనకున్నదల్లా కోతల జబ్బు. టీకొట్టు దగ్గర నలుగురు దొరికితే చాలు, హనుమాన్ జంక్షన్ అవతల చర్చి గోడ మీద తాను గొర్రెపిల్లను వేస్తే లారీడ్రైవరొకడు బ్రేకు వేసి, హారన్ మీద హారన్ కొట్టి, అది ఎంతకీ తప్పుకోకపోయేసరికి కర్ర పట్టుకుని దిగాడని చెప్పేవాడు. ఇంకో ఊళ్లో ఐదు రొట్టెలూ రెండు చేపలూ వేస్తే పిల్లి వచ్చి ఒక చేపను సగం దాకా నాకేసిందనీ, పాపం ఆ ఊరివాళ్లకి ఇప్పటికీ ఐదు రొట్టెలూ ఒకటిన్నర చేపేననీ చెప్పేవాడు. వినేవాళ్లు పగలబడి నవ్వేవాళ్లు. మార్తా నవ్వేది. గొర్రెపిల్లా చేపలూ ఆమె వేసినవి. లారీ, పిల్లి మాత్రం ఆయనవి.

మొదట్లో ఆయన గీసేవాడు, ఆమె నింపేది. “గీత మగాడు, రంగు ఆడది. గీత దాటి రంగు పోకూడదు” అనేవాడు. అత్తగారు అమలమ్మ బతికున్నన్నాళ్లూ “కూరలో కారం కలిపే చెయ్యేగా, రంగు కలపడం కూడా ఒక విద్యేనా?” అంటుండేది. బొమ్మల్లో బట్టల మడతలు కోడలికి బాగా కుదురుతున్నాయని ముందు మడతలు ఒప్పజెప్పారు. మడతల వెనక చేతులొచ్చాయి, చేతుల వెనక మొహాలొచ్చాయి. ఇంటిచాకిరీ ఒకటొకటిగా కోడలి మీదికి ఎలా జారుతుందో బొమ్మలూ అలాగే జారాయి. ఎవరూ ఇచ్చామనలేదు, ఎవరూ తీసుకున్నామనలేదు. ఐదేళ్ల కిందట ఫిలిప్ కుడిచెయ్యి వణకడం మొదలైంది. అప్పటినుంచి గీత కూడా ఆమెదే. సంతకం మాత్రం ఆయన పెట్టేవాడు. కుడి మణికట్టును ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, నాలుక పళ్ల మధ్య బిగబట్టి, బడిలో అప్పుడే పలక అందుకున్నవాడిలా ఒక్కో అక్షరం దిద్దేవాడు. అది చూస్తే మార్తకు జాలేసేది. ఆ జాలిలోనే ఐదేళ్లు గడిచిపోయాయి.

“చెయ్యి సంగతి బయట పొక్కిందో, మనకిక బొమ్మ ఎవడూ ఇవ్వడు” అన్నాడాయన. సరేనంది. కాని రెండు నెలల కిందట ఒక బొమ్మ పూర్తయినప్పుడు, ఆయన సంతకం కింద చిన్నగా తన పేరు కూడా రాసుకోనా అని అడిగింది. అడగడానికే వారం పట్టింది. ఆయన కోప్పడలేదు. ముద్దుగానే నవ్వాడు. “పెళ్లి శుభలేఖలో వంటామె పేరేస్తారటే పిచ్చిదానా!”

ఆ మాట గొంతులో చేపముల్లులా నిలిచిపోయింది. మింగితే దిగదు, దగ్గితే రాదు.

శనివారం క్లాసులు మొదలైంది ఆ వారమే. కాలేజీలో చిత్రకళ చెప్పి రిటైరైన శాలిని మేడమ్ చర్చి వెనక హాల్లో ‘బొమ్మను చూడటం నేర్చుకుందాం’ అని ఎనిమిది శనివారాల పాఠాలు పెట్టింది. ఏమీ తెలియనివాళ్ల కోసమే అని ముందే చెప్పింది. పాతికమంది చేరారు. టీ పెట్టడానికి మార్తను పిలిచారు. “మీరెలాగూ ఖాళీయే కదక్కా!” హాలుకూ వంటగదికీ మధ్య గ్లాసులు అందించడానికి చిన్న కిటికీ ఉంది. మార్త చదువంతా ఆ కిటికీలోంచే సాగింది.

మొదటి శనివారం మేడమ్ తెర మీద గుహ గోడ చూపించింది. వేల ఏళ్ల నాటి చేతిగుర్తులు. చెయ్యి గోడకు ఆనించి చుట్టూ ఎర్రమట్టి రంగు ఊదారట. చెయ్యి తీసేస్తే చెయ్యంత ఖాళీ మిగిలింది. ఆ ఖాళీయే బొమ్మ. “ఇక్కడ సంతకాలు లేవు. వేసినవాళ్లు మగవాళ్లేనని చాలాకాలం అనుకున్నారు. వేళ్ల కొలతలు చూసి, వీటిలో ఆడవాళ్ల చేతులూ ఉన్నాయని ఇప్పుడు కొందరంటున్నారు. ఇంకో విచిత్రం, వీటిలో ఎడమచేతులే ఎక్కువ. ఎందుకో ఆలోచించుకు రండి” అంది. పైవారానికి అడగడం మరిచిపోయి సమతూకం పాఠంలోకి వెళ్లిపోయింది. మార్తకు మాత్రం ఆలోచించే పని పడలేదు. ఎడమచేత్తో పాలగిన్నె పట్టుకుని, కుడిచేత్తో గరిటె తిప్పుతూ తనలో తాను నవ్వుకుంది.

సమతూకమంటే రెండు పక్కలా ఒకేలాంటివి పెట్టడం కాదట. ఒక పక్క పెద్ద కొండ ఉంటే రెండో పక్క దూరంగా ఒక్క నల్లటి కాకి చాలట. ఆ రోజు ఇంటికి వెళ్లి గోడ మీది పెళ్లిఫొటో ముందు చాలాసేపు నిలబడింది. చూపు ముందు ఎక్కడికి పోతుందో చూసుకోమంది కదా మేడమ్. పోయింది ఫిలిప్ కోటు మీదికి, తర్వాత అత్తగారి గొలుసు మీదికి, ఆ తర్వాత వెనకున్న పూలకుండీ మీదికి. పెళ్లికూతురి దగ్గరికి చేరేసరికి చూపు అలిసిపోయింది.

అన్నిటికన్నా ఆమెను కుదిపింది ఏడో పాఠం. బొమ్మను విమర్శించడానికి వరసొకటి ఉందట. ముందు కళ్లకు కనిపించింది చెప్పాలి. తర్వాత ఏది దేని పక్కన ఎందుకుందో చూడాలి. ఆ తర్వాత అర్థం వెతకాలి. బాగుంది, బాగాలేదు అనే మాట అన్నిటికన్నా చివర. మార్త స్టవ్వు మీద టీ పొంగిపోయింది. ఇరవై ఆరేళ్లుగా ఆ ఇంట్లో చివరి మాటే ముందొచ్చేది. ఉప్పెక్కువైంది. ఆ చీర నీకు నప్పలేదు. నీకేం తెలుసు, ఊరుకో. నీ కళ్ల కింద నల్లబడింది మార్తా అని గాని, నీ గోళ్లలో నీలం రంగు పోవడంలేదేమిటే అని గాని ఎదురుగా ఉన్నది ఉన్నట్టు చెప్పినవాళ్లు లేరు. తీర్పులున్నాయి, చూపు లేదు. తనకు కావలసింది పొగడ్త కాదనీ, ముందొక మనిషి నిదానంగా చూడటమనీ గిన్నె తోముతుంటే తెలిసొచ్చింది.

ఎనిమిదో శనివారం, అంటే సన్మానం రోజు, సాయంత్రం హాలు నిండింది. ఆ రోజు పాఠానికి మేడమ్ హాల్లో ఉన్న బొమ్మనే ఎంచుకుంది. నాలుగేళ్ల కిందట వీధిమొగలో పెట్టడానికి ప్లైవుడ్ మీద వేసిన బొమ్మ, సన్మానం కోసం హాల్లోకి తెచ్చారు. నిలువెత్తు మరియమ్మ. ఎడమచేత్తో బిడ్డను ఎత్తుకుని, కుడిచెయ్యి గుండె మీద ఆనించుకుని ఉంటుంది. కింద మూలన ‘ఫిలిప్’. ముందు వరసలో ఇస్త్రీచొక్కాతో ఆయన కూర్చున్నాడు, కుడిచెయ్యి జేబులో.

“ఏం కనిపిస్తోందో చెప్పండి” అంది మేడమ్.

“ప్రేమ కనిపిస్తందండీ” అన్నారెవరో.

“అది అర్థమండీ. దానికింకా టైముంది. కళ్లకి కనిపించేది చెప్పండి.”

నీలంకొంగు అన్నారు. బిడ్డ పాదం అన్నారు. అప్పుడు వెనకవరసలోంచి రావమ్మ లేచింది. ఊళ్లలో నలభై ఏళ్లు పురుళ్లు పోసిన మనిషి.

“మేడమ్‌గారూ, తప్పైతే క్షమించండి. ఆ తల్లికి రెండూ ఎడమచేతులేనండీ.”

హాలంతా నవ్వింది. రావమ్మ నవ్వలేదు. “నవ్వుతారేంటమ్మా? కాన్పులో బిడ్డ చెయ్యి ముందొస్తే, ఏ చెయ్యో తడిమి చెప్పాలి నేను. నాకు తెలీదా? మీ కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని చూడండి. బొటనవేలు పైకుందా లేదా? అక్కడ చూడండి, కిందకుంది.”

పాతికమందీ కుడిచేతులు గుండెల మీద పెట్టుకున్నారు. పాతిక బొటనవేళ్లూ పైకే ఉన్నాయి. మేడమ్ కూడా పెట్టుకుని చూసి, నోరు తెరిచి బొమ్మ వైపు తిరిగింది. నాలుగేళ్లు వందలమంది దండం పెట్టుకున్న చెయ్యది. ఒక్కళ్లూ చూడలేదు.

కిటికీ వెనక మార్తకు చెవులు వేడెక్కిపోయాయి. ఆ బొమ్మ వేసిన మధ్యాహ్నం గుర్తొచ్చింది. అంట్లు తోముకుని వచ్చి, మరియమ్మ చెయ్యి ఎంతకీ కుదరక విసిగి, తన ఎడమచెయ్యి ఆ ప్లైవుడ్ మీదే పెట్టి చుట్టూ గీసేసుకుంది. చెయ్యి అక్కడే ఉంచి, దాన్నే చూస్తూ వేళ్ల కణుపులు నింపింది. కొర్రమీను జారి కత్తిపీట దిగిన మచ్చను కూడా, బొటనవేలి మొదట్లో, వదల్లేక వేసింది. అంత శ్రద్ధగా, అంత పచ్చి పొరపాటు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

“ఆర్టిస్టుగారే ఉన్నారుగా, అడుగుదాం” అంది మేడమ్. “ఫిలిప్‌గారూ, ఇదెలా జరిగిందండీ?”

ఫిలిప్ నిదానంగా లేచాడు. క్షణమాత్రం తడబడ్డాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

“జరగలేదండీ, జరిపించారు. వేసేముందు మూడు రోజులు ఉపవాసమున్నాను. మూడో రోజు బందరు కాలవ గట్టున కునుకు పడితే కలలో ఆ తల్లొచ్చింది. ‘ఫిలిప్, నాకు రెండూ ఎడమచేతులే పెట్టు, ఎడమంటే గుండెవైపు’ అంది. కాలవలో చేపలన్నీ తలలెత్తి విన్నాయంటే నమ్మండి!”

ఆ మూడు రోజుల ఉపవాసంలో ఆయన తిన్న పెసరట్లు మార్తకు గుర్తున్నాయి. హాలు మాత్రం చప్పట్లతో దద్దరిల్లింది. ఎవరో కళ్లు తుడుచుకున్నారు. మేడమ్ పుస్తకంలో గబగబా రాసుకుంటోంది. కమిటీవాళ్లు మామిడిపండు రంగు కండువా మడత విప్పారు. “మార్తక్కా, టీలు!”

ట్రే ఎత్తిన చేతులు ఆగిపోయాయి. ఇన్నేళ్లూ ఒప్పులన్నీ ఆయన తీసుకున్నాడు. సరే, ఇంటివాడే కదా అనుకుంది. మొహాలు తీసుకున్నాడు, మడతలు తీసుకున్నాడు, గొర్రెపిల్లను తీసుకుని దాని ముందు లారీని కూడా నిలబెట్టాడు. ఈ రోజు తప్పును కూడా తీసుకున్నాడు. తనకు మిగిలింది ఆ ఒక్కటే. ఆ తప్పులో ఒక మధ్యాహ్నం ఉంది, ఆరని అంట్లచేతి తడి ఉంది, ఏకాంతం ఉంది. దాన్ని కలగా మార్చేస్తే తానక్కడ లేనట్టే. ఒప్పులైతే ఎవరివైనా కావచ్చు, ఈ పొరపాటు తనది తప్ప ఇంకెవరిదీ కాదు. నోరు విప్పితే రేపు పని పోవచ్చు. ఆయన చెయ్యి సంగతి అనను, అది ఆయన బాధ, ఆయనే చెప్పుకుంటాడు. నా చెయ్యి సంగతి మాత్రం నేను చెప్పుకుంటాను అనుకుంది.

టీలు పోయలేదు. ట్రే కిటికీలోనే వదిలేసి, చీరకొంగుకు చెయ్యి తుడుచుకుని, తలుపు తీసుకుని హాల్లోకి వచ్చింది. ఎనిమిది శనివారాల్లో ఆమె ఆ గడప దాటడం అదే మొదలు. కండువాను దాటుకుని, ఫిలిప్‌ను దాటుకుని బొమ్మ దగ్గరికి నడిచింది.

“ఏమే, ఏంటిది?” అన్నాడాయన, వినపడీ వినపడనట్టు.

ఆమె ఎడమచెయ్యి ఎత్తి మరియమ్మ గుండె మీది చేతికి ఆనించింది. వేలికి వేలు సరిపోయింది. కణుపుకు కణుపు సరిపోయింది. తర్వాత అందరికీ కనపడేలా చెయ్యి వెనక్కి తీసి, బొటనవేలి మొదట్లో మచ్చ చూపించింది. ముందు తన చేతి మీద, ఆ తర్వాత బొమ్మలో.

“కల కాదండీ మేడమ్, పొరపాటే. నేను చేశాను. ఇది నా ఎడమచెయ్యి.”

ఫిలిప్ జేబులోంచి కుడిచెయ్యి తియ్యలేదు. కాదనీ అనలేదు. రావమ్మ ఒక్కతే కళ్లద్దాలు సర్దుకుంటూ ముందుకొచ్చింది. మార్త చేతిని తన చేతుల్లోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, నిదానంగా చూసింది.

“అవును, ఇదే. మరి నీ కుడిచెయ్యి ఎందుకెయ్యలేదే తల్లీ?”

“దాంట్లో బ్రష్షుందండీ” అంది మార్త.