లెక్క మింగిన పేజీ

వదిన లెక్కల టీచరు. మరదలు వెబ్ పేజీలు తయారుచేయడం కొత్తగా నేర్చుకుంటోంది. పరీక్షలు దగ్గరపడ్డాయి, పిల్లలు ఇంట్లోనే సాధన చేసుకునేలా తక్కువ, ఎక్కువ గుర్తులుండే అసమీకరణాల లెక్కలన్నీ ఒక పేజీలో పెట్టగలవా అని వదిన అడిగితే, "అదెంత పని వదినా, చిటికెలో చేసేస్తా" అని మరదలు గొప్పగా ఒప్పుకుంది.

చేసింది కూడా. కానీ పేజీ పెట్టిన పొద్దుటే ఫోన్ల మీద ఫోన్లు. "టీచర్, మూడో లెక్క సగంలోనే తెగిపోయింది!" "టీచర్, ఐదోదాన్లో అసలు ప్రశ్నే లేదు!"

వదిన మరదలి గది గుమ్మంలో నిలబడింది. "ఏమ్మా, నా లెక్కలేవి? నీ పేజీకి ఆకలేసిందా?"

మరదలి ముఖం వెలవెలబోయింది. తను రాసిన ఫైలు తెరిచి చూస్తే లెక్కలన్నీ పొల్లుపోకుండా ఉన్నాయి. తెర మీద మాత్రం సగం లేవు.

"నేను అన్నీ సరిగ్గానే కొట్టాను వదినా, ఒట్టు! ఎక్కడికి పోయాయో నాకే తెలీట్లేదు."

"దొంగను పట్టాలంటే ముందు ఏమేం పోయాయో చూడాలి. జరుగు." వదిన కుర్చీ లాక్కుని ఫైలునూ తెరనూ పక్కపక్కన పెట్టి చదవసాగింది. "x<5 ఉంది, దానికేం కాలేదు. a<b పోయింది. p<q కూడా పోయింది... ఇదిగో, చూశావా? తక్కువ గుర్తు పక్కన అంకె ఉంటే బతుకుతోంది, అక్షరం ఉంటే గల్లంతు."

మరదలు నెత్తి కొట్టుకుంది. "నా మతి మండా! బ్రౌజరుకు ఆజ్ఞలిచ్చే ట్యాగులు మొదలయ్యేది ఆ గుర్తుతోనే కదా! దాని వెనకే అక్షరం కనపడితే బ్రౌజరు అదేదో ట్యాగు అనుకుని, మళ్ళీ ఎక్కువ గుర్తు వచ్చేదాకా అంతా కడుపులో వేసుకుంటోంది."

"అంటే నా లెక్కను నీ ఆజ్ఞ అనుకుందా?"

"అంతే. ఇది ఆజ్ఞ కాదు, చూపించాల్సిన గుర్తు అని దానికి మారుపేరుతో చెప్పాలి." మరదలు ఆ గుర్తు ఉన్న ప్రతిచోటా &lt; అని మార్చి పేజీ మళ్ళీ తెరిచింది. మూడో లెక్క నిండుగా నిలబడింది. ఐదోది ప్రశ్నతో సహా వచ్చేసింది.

వదిన చప్పట్లు కొట్టబోయి ఆగింది. "మరి పిల్లలు పేజీ కింది పెట్టెలో రాసే జవాబులూ ఈ తెర మీదే కనపడతాయి కదా? వాళ్ళ గుర్తులూ ఇట్లాగే పోవూ?"

నిజమే. పెట్టెను సరిచేయడం మరదలికింకా రాదు. అందుకని గుర్తుకు బదులు మారుపేరు కొట్టమని పిల్లలకే ఒక సూచన రాసింది. తెర మీద అది ఇలా వచ్చింది: "తక్కువ గుర్తు కావాలంటే < అని రాయండి."

వదిన పగలబడి నవ్వింది. "దాహమేస్తే దాహమెయ్యమన్నట్టుంది!"

"మారుపేరు రాస్తే చాలు, విప్పి అసలు గుర్తే చూపిస్తోంది వదినా. మారుపేరునే చూపించేదెలా?" మరదలికి ఏడుపొచ్చినంత పనయింది.

వదిన నవ్వాపి తెర వైపు వంగింది. "ఆ ముడంతా మొదట్లో ఉన్న & దగ్గరే కదా మొదలయ్యేది? మరి దానికి మారుపేరు లేదా?"

మరదలు ఆ మొదటి గుర్తుకూ మారుపేరు పెట్టి, గబగబా &amp;lt; అని కొట్టింది. బ్రౌజరు ఒక్క ముడే విప్పింది. తెర మీద &lt; చెక్కుచెదరకుండా, కొట్టాల్సింది కొట్టాల్సినట్టుగా నిలబడింది.

"వదినా!" మరదలు లేచి ఆమెను వాటేసుకుంది. ఇద్దరూ కుర్చీతో సహా పడబోయి నిలదొక్కుకున్నారు.

మధ్యాహ్నానికి జవాబులు వరస కట్టాయి. ఒక్క గుర్తూ పోలేదు. సాయంత్రం హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేసింది. మిగతా టీచర్లకూ ఇలాంటి పేజీలు కావాలట.

వదిన మరదలి వైపు కన్నుగీటి, గొంతు సవరించుకుంది. "మా మరదల్ని అడగాలండీ. ఆవిడ ఊరికే దొరకదు మరి!"