చివరి మలుపు దగ్గర ఎర్ర తువ్వాలు

నవంబరు ముప్ఫై, ఆదివారం. ఆ మధ్యాహ్నం మేం బఠాణీలు వేసిన అన్నం, వేయించిన గుడ్లు తిన్నాం. అన్నం అడుగంటింది. వండింది నేనే. మా అమ్మాయి ఆ మాడిన పొరని గరిటెతో గీకి తన పళ్ళెంలో వేసుకుని, "నాకిదే ఇష్టం నాన్నా" అంది. నిజంగానే ఇష్టమో, నా మొహం చూసి అలా అందో నేను తరచి అడగలేదు. కొన్నిటిని అడక్కుండా పుచ్చుకోవడం నా భార్య పోయాక అలవాటైంది.

అయితే ఆ తారీఖు గుర్తుండిపోవడానికి కారణం అన్నం కాదు. ఆ సాయంత్రం టీవీలో ఆ ఏటి కార్ల పందేల్లో ఆఖరిది వచ్చింది. దాంతో మా ఇంట్లో పుట్టిన రగడ ఇంతా అంతా కాదు.

మాది చిన్న డ్రైవింగు స్కూలు. కింద ఆఫీసు, పైన ఇల్లు. రెండు కార్లున్నాయి. ఒకదాంట్లో మా అమ్మాయి నేర్పుతుంది, రెండోదాంట్లో నా బావమరిది. నేను కాలేజీలో భూగోళం చెప్పి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు ఫోన్లు ఎత్తుతాను, కొత్తగా చేరినవాళ్ళకి రోడ్డు గుర్తులు చెబుతాను, ఆదివారాలు వంట చేస్తాను. బావమరిది ఆఫీసు వెనక గదిలో ఉంటాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "నాకు సీటు బెల్టు ఒక్కటి చాలు" అంటాడు. నవ్వేముందు ముక్కులోంచి ఓసారి గాలి వదిలి, ఆ తర్వాత తీరుబడిగా నవ్వుతాడు. మా ఆవిడా అచ్చం అలాగే నవ్వేది. ఆ అక్కాతమ్ముళ్ళ నవ్వులో సగమైనా ఇంట్లో మిగిలి ఉన్నందుకు నేను లోలోపల ఎవరికో దణ్ణం పెట్టుకుంటూ ఉంటాను.

ఇక పందెం సంగతి. ఎర్రకారు నడిపేవాడు బాగా సీనియరు, అదే ఆయన ఆఖరి ఏడని అందరూ అనుకుంటున్నారు. నీలం కారు కుర్రవాడిది. ఇద్దరి పాయింట్లూ సమానం. ఆ రోజు ఎవరు ముందొస్తే ఆ ఏటి కిరీటం వాళ్ళది. మా బావమరిది ఎర్రకారు మనిషి, మా అమ్మాయి నీలం కారు. ఒకటే వాన. ఆఖరి చుట్టు దాకా ఎర్రకారే ముందుంది. ఆ చుట్టులో మూడో మలుపు దగ్గర నీలం కారు బయటివైపు నుంచి వచ్చి దాటేసింది. మా అమ్మాయి కుర్చీ ఎక్కి గంతులేసింది. ఇంకొక్క మలుపు తిరిగితే గీత. సరిగ్గా అప్పుడు వెనకెక్కడో ఒక కారు జారి గోడకి గుద్దుకుంది. వెంటనే ఎర్రజెండా ఊపారు. అంటే పందెం ఆగిపోయినట్టే. అలా మధ్యలో ఆగితే, దానికి ముందు పూర్తయిన చుట్టులో ఎవరు ముందున్నారో వాళ్ళే గెలిచినట్టట. కిరీటం ఎర్రకారుకి పోయింది.

"అన్యాయం!" అంది అమ్మాయి. "కళ్ళముందు దాటాడు కదా! ఒక చుట్టు వెనక్కెళ్ళి లెక్కేస్తారా?"

"రూలంటే రూలే అమ్మడూ."

"ఇంకొక్క మలుపు మామయ్యా! రెండు సార్లు కళ్ళార్పేలోగా అయిపోయేది. ఆ జెండా పట్టుకున్నవాడికి అంత తొందరేమొచ్చింది? రైలు పోతోందా?"

"గుద్దుకున్నవాడు బతికున్నాడో లేడో తెలియదు. జెండా పట్టుకున్నవాడు చూడాల్సింది గీతనా, మనిషినా?"

"ఆ మనిషి అప్పటికే దిగి, హెల్మెట్ తీసి, జుట్టు కూడా దువ్వుకున్నాడు!"

అక్కడితో ఆగితే బాగుండేది. ఉక్రోషం పట్టలేక అమ్మాయి మరో మాట విసిరింది. "అసలా ముసలాయన పోయినేడే మానేసి ఉండాల్సింది. చూపు ఆనదు, కాలు ఆడదు, అయినా సీటు మాత్రం వదలడు."

బావమరిది లేచాడు. తన టీ గ్లాసు తనే కడిగి బోర్లించి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. గెలిచినవాడు అలా వెళ్ళడమేంటా అనుకున్నాను.

ఆ వారమంతా వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకోలేదు. నా ద్వారా నడిపించారు. "బావా, రెండో కారులో పెట్రోలు నిండుకుందని మీ అమ్మాయిగారికి మనవి చెయ్యండి." "నాన్నా, నాకు తెలుసని ఆయనగారికి చెప్పు." ముగ్గురం ఒకే గదిలో ఉండగానే ఇదంతా. అయినా పొద్దున్నే మంచు పట్టిన అద్దాలు తుడిచేటప్పుడు బావమరిది తన కారుతో ఆగకుండా అమ్మాయి కారు అద్దం కూడా తుడిచేవాడు. అది కిటికీలోంచి చూసి కాస్త ఊపిరి పీల్చుకునేవాణ్ణి.

గురువారం నాడు నా గుండె జారిపోయే మాట చెప్పాడు. ఊరికి ఆ చివరనున్న పెద్ద డ్రైవింగు స్కూలువాళ్ళు ఎప్పటినుంచో పిలుస్తున్నారట. వచ్చే సోమవారం నుంచి అక్కడ చేరతాడట. గది కూడా వాళ్ళే ఇస్తారట.

"ఎందుకోయ్? ఒక పందెం కోసమా?"

"పందెం కోసం కాదు బావా. అక్కడ కార్లు నడిపే పని లేదు. కుర్చీలో కూర్చుని పాఠం చెప్పడమే. వయసుకి తగ్గ పని." అలా అంటూ కొత్త కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఆ జోడు వచ్చి పది రోజులు కూడా కాలేదు.

అప్పుడు అర్థమైంది నాకు. అమ్మాయి మాట ఎర్రకారాయన్ని దాటి వచ్చి, నా ఇంట్లో తగిలింది. అమ్మాయికి చెబుదామని పైకెళ్ళాను. "వెళితే వెళ్ళనీ నాన్నా, నేనేమన్నానని?" అంటూ తలుపు వైపే చూస్తోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇద్దరూ మొండిఘటాలే. నేను మధ్యలో దూరి చెబితే అది నా మాట అవుతుంది తప్ప వాళ్ళది కాదు. వచ్చినదారినే కిందికి దిగాను. కానీ ఆ రాత్రి అన్నం సయించలేదు.

దారి చూపింది మా దగ్గర నేర్చుకుంటున్న దర్జీ ఆవిడ. మనవలున్న మనిషి, నోరు మంచిది కానీ చిన్నది కాదు. ఆ వారం ఆవిడకి ఒక పూట బావమరిది, ఒక పూట అమ్మాయి పాఠం చెప్పారు.

శనివారం ఆఫీసులో చేతిసంచీ బల్లమీద పడేసి, "మాస్టారూ, నాకు ఈ స్కూల్లో న్యాయం కావాలి" అంది.

"ఏమైందండీ?"

"ఏమైందా? ఈయన క్లచ్చి గురించి మొదలెట్టి ఎర్రజెండా దగ్గర తేలతాడు. మీ అమ్మాయి రివర్సు అంటూ మొదలెట్టి నీలం కారు దగ్గర ఆపుతుంది. వారం నుంచి నేను వెనక్కి పోవడం నేర్చుకోలేదు. ఎవరు గెలిచారో మీలో మీరు తేల్చుకుని చావండి. రేపు ఆదివారమేగా, గోదాము వెనక మైదానం ఖాళీగానే ఉంటుంది. రెండు కార్లున్నాయి. చేసి చూసుకుంటే పోలా?"

బావమరిది గోడకేసి చూశాడు. అమ్మాయి నేలకేసి చూసింది. ఇద్దరూ ఒకేసారి, "నేను సిద్ధమే" అన్నారు.

గోదాము వెనక మైదానం మేం నేర్పడానికి అద్దెకి తీసుకునే చోటు. ఆదివారం పొద్దున్న అమ్మాయి నారింజరంగు ప్లాస్టిక్ కోన్లు పెట్టి మలుపులన్నిటికీ గుర్తులు పెట్టింది. సుద్దతో గీత గీసింది. బావమరిది తన కారుకి ఎర్ర రిబ్బను కట్టాడు. అమ్మాయి తన దానికి నీలం మేజోడు కట్టింది. వేగం మనిషి పరుగుకి మించకూడదని ఇద్దరూ ఒప్పుకున్నారు. దర్జీ ఆవిడ గుద్దుకున్న కారు వేషం కట్టింది. గొడుగు పట్టుకుని అవతలి పక్క పాత టైర్ల కుప్ప దగ్గర నిలబడి, అమ్మాయి కారు దాటగానే "గుద్దేశా!" అని అరవాలి.

జెండా మాత్రం నాకిచ్చారు. వంటింటి ఎర్ర తువ్వాలు. నేను ఈ గొడవలో మొదట్నుంచీ గోడమీది పిల్లిలా ఉన్నానట, కాబట్టి నా చెయ్యే న్యాయం.

"నాన్నా, నీకెప్పుడు ఊపాలనిపిస్తే అప్పుడు ఊపు" అని, అమ్మాయి బావమరిది వైపు తిరిగింది. వారం తర్వాత మొదటిసారి నేరుగా మాట్లాడింది. "నేను గీత దాటేదాకా నాన్న ఆగితే, ఆ రోజు ఆ మనిషీ ఆగగలిగేవాడే. అప్పుడు నువ్వు ఓడినట్టు. ఓడితే సోమవారం ఎక్కడికీ వెళ్ళకూడదు."

"ముందే ఊపితే?"

అమ్మాయి మేజోడు ముడి బిగించింది. "ఊపితే నీ ఇష్టం."

నేను గీత పక్కన వేసిన కుర్చీ ఎక్కి నిలబడ్డాను. అంటే నేను చెయ్యాల్సిందల్లా చెయ్యి కిందికి పెట్టుకుని ఉండటమే. దర్జీ ఆవిడ ఎంత అరిచినా నాకు వినబడనట్టు నటిస్తే చాలు, బావమరిది ఉండిపోతాడు. ఇంతకన్నా తేలికైన పని నా ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఎవరూ అప్పగించలేదు. తువ్వాలు వీపు వెనక దాచుకున్నాను.

కార్లు కదిలాయి. రెండు పెళ్ళి ఊరేగింపులు పోటీ పడుతున్నట్టుంది. మొదటి మలుపు, రెండో మలుపు. మూడో మలుపు దగ్గర అనుకున్న ప్రకారం బావమరిది దారివ్వాలి. ఇవ్వలేదు. అమ్మాయి బయటివైపు నుంచి వచ్చి, హారను నొక్కి పట్టుకుంది. "జరుగు మామయ్యా!" అన్న అరుపు నాదాకా వినిపించింది. ఆయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, నెమ్మదిగా పొమ్మన్నట్టు ఊపాడు, నేర్చుకునేవాళ్ళకి ఊపినట్టే.

అప్పుడు చూశాను. టైర్ల కుప్ప దగ్గర గొడుగు గాల్లోకి ఎగిరింది. దర్జీ ఆవిడ పక్కకి ఒరిగి, నిండు మనిషి నిండుగా నేలమీద పడిపోయింది. అరుపు లేదు, ఏమీ లేదు.

ఆ క్షణంలో నాకు గీత గుర్తులేదు, సోమవారం గుర్తులేదు. తువ్వాలు దానంతటదే తలపైకి లేచింది. "ఆపండి! ఆపండి!" అని కుర్చీ మీంచి దూకాను. ఈ వయసులో దూకకూడదు. దూకాను.

నేను చేరేసరికే రెండు కార్లూ ఆగి ఉన్నాయి. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. బావమరిది మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ తల ఎత్తుతున్నాడు. అమ్మాయి ఆవిడ చెప్పు పట్టుకుని నిలబడి ఉంది.

ఆవిడ కళ్ళు తెరిచింది. "ఎలా ఉంది?"

"దెబ్బ ఎక్కడ తగిలిందండీ?"

"దెబ్బేంటి? గుద్దుకోమన్నారుగా, గుద్దుకున్నా. ఊరికే నిలబడి అరిస్తే ఏం బాగుంటుంది? చేసే పని శుభ్రంగా చెయ్యాలి." లేచి కూర్చుని చీర దులుపుకుంది. "అయినా మీరు దాటకముందే పడిపోయానా ఏంటి? నాకక్కడి నుంచి సరిగ్గా తెలియలేదు."

ఎవరికీ నవ్వు రాలేదు. అమ్మాయి నా చేతిలో తువ్వాలు వైపు చూసింది. నేను ఊపేశాను. గీత ఇంకా చాలా దూరంలో ఉంది.

"ఊపాను తల్లీ" అన్నాను. "మనిషి పడితే ఇంకేం చెయ్యను?"

"సరే" అంది అమ్మాయి, చేతిలో చెప్పు కింద పెడుతూ. "నీ ఇష్టం మామయ్యా. మాట అంటే మాటే."

బావమరిది కళ్ళజోడు తీశాడు. "ఆ ముసలాయన మానెయ్యాల్సిందే అన్నావుగా. చూపు ఆనదు, కాలు ఆడదు. నిజమే కదమ్మడూ."

అమ్మాయి గబుక్కున ఆయన ముందుకొచ్చింది. "నేనన్నది... ఆ ఎర్రకారాయన్ని! నిన్నా? నిన్నంటానా నేను? నాకు స్టీరింగు పట్టుకోవడం నేర్పిందెవరు?" కార్ల వైపు చెయ్యి చూపించింది. "చూపు ఆనని మనిషివి ఆవిడ పడటం నాకంటే ముందు ఎలా చూశావు? నాన్న తువ్వాలు లేవకముందే నీ బ్రేకు లైటు వెలిగింది! అది చూసే నేను బ్రేకు తొక్కాను. లేకపోతే నేనెక్కడ ఆగేదాన్ని?"

బావమరిది జోడు మళ్ళీ పెట్టుకున్నాడు. అమ్మాయిని చూశాడు, కార్లని చూశాడు. మొహంలో ఏదో మెల్లగా వెలుగుతోంది.

"ఏది, ఇంకోసారి చెప్పు. నా వెనక లైటు చూశావా?"

"చూశాను."

"వెనక లైటు కనిపించిందంటే నువ్వు నా వెనకున్నావన్న మాట. అంటే నన్ను దాటలేదన్న మాట!"

"అదేం లెక్క! నువ్వు దారిస్తే కదా దాటేది! ఇస్తానని ఒప్పుకుని ఇవ్వలేదు, అది మోసం!"

"పందెంలో దారి ఎవడిస్తాడే?"

"నాన్నా, చూడు!"

బావమరిది ముక్కులోంచి గాలి వదిలాడు. ఆ తర్వాత తీరుబడిగా, పొట్ట పట్టుకుని నవ్వాడు. దర్జీ ఆవిడ, "నా రివర్సు పాఠం గంగలో కలిసింది" అంటూ గొడుగు ఏరుకోడానికి వెళ్ళింది. నేను టైర్ల మీద కూర్చుని మోకాలు రుద్దుకున్నాను. నొప్పిగానే ఉంది కానీ ఆ నొప్పి గురించి ఎవరికీ చెప్పాలనిపించలేదు.

ఆ సాయంత్రం నేను రొట్టె కాల్చి, టమాటాలు ఉడికించాను. ఈసారి అడుగంటలేదు. దర్జీ ఆవిడ కూడా భోజనానికి ఆగింది. తినడం మధ్యలో బావమరిది ఫోను తీసి, ఆ పెద్ద స్కూలు యజమానికి చేశాడు.

"రేపు రాలేనండీ... లేదండీ, జీతం సంగతి కాదు. ఇక్కడ ఒక కేసు నడుస్తోంది, తీర్పు రాలేదు... ఎప్పుడొస్తుందా? ప్రతివాది వాలకం చూస్తే ఈ జన్మలో వచ్చేలా లేదు."

"ప్రతివాది నువ్వే!" అని నోట్లో రొట్టెతోనే అరిచింది అమ్మాయి.

ఆ తర్వాత పాత పందెం మళ్ళీ పెట్టుకుని చూశారు. మూడో మలుపు దగ్గర ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ ఆపి. దర్జీ ఆవిడ నీలం పార్టీలో చేరింది. నన్నూ అడిగారు. ఆ జెండా మనిషి చెయ్యి నాకిప్పుడు కొంచెం తెలుసని మాత్రం అన్నాను. "అదిగో, బావ మా పార్టీ" అన్నాడు బావమరిది. "చాల్లే, నాన్న ఏ పార్టీ కాదు" అంది అమ్మాయి.

ఆవిడని ఇంటి దగ్గర దింపి అమ్మాయి తిరిగొచ్చేసరికి బావమరిది కింద తన గదిలో, మంచం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగి నిద్రపోయాడు. కళ్ళజోడు మొహం మీదే ఉంది. అమ్మాయి దాన్ని మెల్లగా తీసి మడిచి గూట్లో పెట్టింది. దుప్పటి భుజాల దాకా లాగింది.

"అది దాటడమే మామయ్యా" అంది గుసగుసగా. దీపం ఆర్పి, చప్పుడు కాకుండా గడియ వేలితో పట్టుకుని, తలుపు దగ్గరగా వేసింది.