నీళ్ళంటని చేతులు

మధ్యాహ్నం జొహర్ నమాజు వేళకి ఆసుపత్రి లిఫ్టు మెకానిక్ పని ఆపి, దుప్పట్లు కుట్టే గదికి వెళ్ళేవాడు. అక్కడ దర్జీ పెద్దాయనా అతనూ గుడ్డమూటలు పక్కకి జరిపి, చాపలు పరుచుకుని నమాజు చేసుకునేవారు. పదేళ్ళుగా అదే అలవాటు.

ఆ రోజు నమాజుకి ముందు చేతులూ ముఖమూ కడుక్కునే వజూకి కొళాయి తిప్పితే నీళ్ళు అతని చేతుల్ని అంటలేదు. తామరాకు మీంచి జారినట్టు జారిపోయాయి. ముఖం మీద చల్లుకున్నాడు. అదీ పొడిగానే ఉంది.

దర్జీ కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఏం అబద్ధమాడావురా?"

మెకానిక్ వంశంలో అందరికీ అంతే, అబద్ధమాడితే ఆ తప్పు దిద్దుకునేదాకా నీళ్ళంటవు. వాళ్ళ నాన్నకైతే ఓసారి మూడు రోజులు నీళ్ళంటక, పొరుగాయన కాళ్ళావేళ్ళా పడాల్సొచ్చింది.

"పొద్దున తనిఖీ పుస్తకంలో లిఫ్టు బ్రేకు బాగుందని సంతకం పెట్టాను పెద్దయ్యా. చూడలేదు. జనం నిలబడి ఉన్నారు, సూపర్‌వైజరు రాసేయమన్నాడు. రేపు చూసి, అల్లాని క్షమాపణ అడుక్కుందామనుకున్నా."

"ఆయన్ని తర్వాత అడుగుదువుగాని. ముందు ఆ బ్రేకు చూసి రా."

మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. మూడో అంతస్తులో నర్సు ఒక నిండు చూలాలిని స్ట్రెచర్ మీద లిఫ్టులోకి తోస్తోంది. అతను అడ్డంగా నిలబడి స్విచ్ కట్టేశాడు.

"బిడ్డ అడ్డం తిరిగిందయ్యా! ఆపరేషన్ గది కింద," అంది నర్సు.

సూపర్‌వైజరు పరుగున వచ్చాడు. "మతి పోయిందా? బ్రేకు బాగుందని సంతకం పెట్టిందెవరు?"

"నేనే సార్. చూడకుండా పెట్టాను."

సూపర్‌వైజరు మొహం పాలిపోయింది. వెంటనే స్ట్రెచర్ ఒక కొస పట్టుకున్నాడు. మెకానిక్ ఇంకో కొస పట్టుకున్నాడు. మిగతా రెండూ వార్డు మనుషులు అందుకున్నారు.

మొదటి మలుపులో ఆమె మెకానిక్ చొక్కా చెయ్యి బిగించి పట్టుకుంది. "ఇంకా ఎన్ని మెట్లన్నా?"

పదో పన్నెండో అని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"యాభై రెండు తల్లీ. నేను లెక్కపెడుతుంటాను. నువ్వు ఊపిరి తీస్తూ ఉండు."

యాభై ఒకటి, యాభై, నలభై తొమ్మిది. ఆమె పిడికిలి సడలలేదు. ఆఖరి మెట్టు దిగగానే ఆపరేషన్ గది తలుపులు తెరుచుకుని, ఆమెని లోపలికి లాక్కున్నాయి.

తల్లీబిడ్డా క్షేమమని నర్సు ఫోన్ చేసేసరికి, మెకానికూ సూపర్‌వైజరూ మేడ మీద లిఫ్టు మిషన్ గదిలో ఉన్నారు. బ్రేకు పట్టీ ఇనుము తేలేదాకా అరిగిపోయి ఉంది. గదంతా కాలిన వాసన. సూపర్‌వైజరు దాన్ని వేలితో తాకి, వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పై ఆఫీసుకి ఏం రాయమంటావు? నీ ఉద్యోగం పోతుంది."

"ఉన్నది ఉన్నట్టు రాయండి సార్." మెకానిక్ సీసాలో నీళ్ళు చేతుల మీద పోసుకున్నాడు; ఈసారి అరచేతులు తడిశాయి.

సూపర్‌వైజరు తనిఖీ పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాడు. మెకానిక్ చూడకుండా సంతకం పెట్టాడని రాశాడు. మూయబోయి, ఆగి, దాని కింద ఇంకో వరస రాశాడు: పెట్టమన్నది నేను.