మా బావగారి యూరప్ ట్రయల్ రన్

మా బావగారు బస్సు డిపోలో టైమ్ టేబుళ్లు వేస్తారు. ఏ బస్సు ఎన్నింటికి ఎక్కడుండాలో ఆయన పెన్సిలు చెబుతుంది. నిజంగా ఎక్కడుందో దేవుడు చెబుతాడు. డిపోలో ఆయన్ని నిమిషాల్రావు అంటారు. అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా వినపడదు.

అలాంటి మనిషి పెళ్లయిన పాతికేళ్లకి మా అక్కని యూరప్ తీసుకెళ్తానన్నారు. ఒకే ఊరు, మూడు రోజులు. ఆ ఊరి పేరు మాత్రం నన్నడక్కండి. నేను సైన్ బోర్డులు రాసుకుని బతికేవాణ్ణి. అన్ని హల్లుల్ని ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కించిన పేరు ఇంతవరకూ ఏ కొట్టుకీ రాయలేదు.

ఆదివారం పొద్దున్న చార్టు హాల్లో గోడకెక్కింది. మూడు రోజులు, ముప్ఫై ఏడు చోట్లు. ప్రతి చోటుకీ రెండు గడులు: రాక, పోక. గంట గోపురం, రాక 9.14, పోక 9.21.

"ఏడు నిమిషాల్లో గోపురం ఎక్కి దిగాలంటే, దిగడం కాదు బావా, దూకడమే!" అన్నాను.

"ఎక్కమోయ్. కిందనుంచి చూస్తాం. మెడ ఎత్తడానికి రెండు, చూడ్డానికి మూడు, దించడానికి రెండు."

"మెడ పట్టేస్తే?"

"రెండో రోజు పడవలో పన్నెండు నిమిషాలు ఖాళీ ఉంది. అప్పుడు చూసుకోవచ్చు."

అక్క నవ్వలేదు. ఆమె కళ్లు చార్టులో మొదటి రోజు తొమ్మిదో వరుస మీదున్నాయి. మ్యూజియం: రాక 2.40, పోక 2.49.

అక్క డ్రై క్లీనింగ్ షాపులో రఫూ పని చేస్తుంది. పేరుకి రఫూయే గానీ రఫ్ పని కాదు. చిరిగిన బట్టలోంచే నాలుగు పోగులు లాగి, చిరిగిన చోటు చిరిగినట్టు తెలియకుండా అల్లడం. పదేళ్ల కిందట షాపుకొచ్చిన ఏదో పత్రికలో ఒక బొమ్మ చూసింది. ఆ ఊరి మ్యూజియంలో గోడంత నేత తెర. ఒకప్పుడు మంటల్లో సగం కాలిపోతే, ఆ ఊరి ఆడవాళ్లు ఏళ్ల తరబడి కూర్చుని అల్లారట. ఎక్కడ కాలిందో ఈరోజుకీ ఎవరూ కనిపెట్టలేరట. ఆ బొమ్మ కత్తిరించి దారాల పెట్టెలో దాచుకుంది.

"నేను కనిపెడతాన్రా," అనేది నాతో. "దగ్గర నిలబెడితే చాలు, కనిపెట్టేస్తాను."

నిలబడటమే కష్టమైపోయింది. ఇరవై ఏళ్లు ఎత్తు లేని స్టూలు మీద వంగి కూర్చున్నదానికి, పోయిన వర్షాకాలం నుంచి కుడి మోకాలు మొరాయిస్తోంది. నాలుగు వీధులు నడిస్తే ఎక్కడో ఒకచోట కూలబడాలి. బావగారికి చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది.

"చెప్తే ఏమవుతుందక్కా?"

"టిక్కెట్లు వెనక్కిచ్చేస్తారు. నీ కాలి కన్నా ఊరు ముఖ్యమా అంటారు. చెడ్డ మొగుడైతే పోట్లాడేదాన్ని. మంచివాడితో ఎలా పోట్లాడను చెప్పు? కాలం సంగతి ఆయన చూసుకుంటారు, కాలు సంగతి నేను చూసుకుంటాను. మధ్యలో నీ నోరు పెట్టకు."

జీవితంలో మొదటిసారి నా నోటికి షట్టరు వేశాను.

కానీ డిపోలో ఒక పద్ధతుంది. కొత్త రూటు వేసేముందు ఖాళీ బస్సుని ఒకసారి తిప్పి, చేతి గడియారంతో సరిచూస్తారు. దాన్ని ట్రయల్ రన్ అంటారు. బావగారు ఆ ఊరి మ్యాపు మీద దారం పరిచి కొలిచి, అదే దారం మా ఊరి మ్యాపు మీద పరిచారు. "ట్రయల్ లేకుండా ఏ రూటూ వెయ్యను. మంగళవారం నా వీక్లీ ఆఫ్. మొదటి రోజు రూటు తిరిగి చూద్దాం."

అంటే ఖాళీ బస్సులం మేమన్నమాట. బోర్డులు నావి. నీళ్ల ట్యాంకుకి 'రాజభవనం' అని అట్ట కట్టాను. పశువుల ఆసుపత్రికి 'నాటకశాల' అని కట్టాను. లోపల ఒక గేదె వెంటనే పాత్రలో లీనమైపోయింది.

మంగళవారం ఎండలో బయల్దేరాం. ముందు బావగారు గడియారంతో, మధ్యలో నేను అట్టలతో, వెనక అక్క ఒంటి కాలి మీద ఎక్కువ, రెండో కాలి మీద తక్కువ.

"రాజభవనం! రెండు నిమిషాలు లేటు!"

"రాజులు లేటుగానే లేస్తారు బావా. కాస్త కూర్చుందాం."

"కూర్చునే గడి లేదోయ్ చార్టులో."

నాటకశాల దగ్గరికి అయిదు నిమిషాలు లేటు. అక్క చెమట తుడుచుకుంటూ, చెప్పు కరుస్తోందంది. అట్టల బరువు మోస్తున్న నెపంతో నేను మూడుసార్లు ఆగాను. బావగారు మూడుసార్లూ నన్నే తిట్టారు. ఆమె కోసం తిట్లు తినడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటే.

దారం లెక్క ప్రకారం మ్యూజియం సరిగ్గా డ్రై క్లీనింగ్ షాపు మూల మీద పడింది. అక్క నేరుగా లోపలికెళ్లి తన స్టూలు మీద కూర్చుంది. షాపు ఓనరమ్మ మా అట్ట చదివి, "నా షాపు ఇన్నాళ్లకి మ్యూజియం అయిందా! ఇస్త్రీ పెట్టె వయసు చూసే అనుంటారు," అంది.

తొమ్మిది నిమిషాలూ అయిపోయాయి.

"లే, పోక టైమైంది."

అక్క స్టూలు అంచు పట్టుకుని లేవబోయింది. మోకాలు లేవనివ్వలేదు. మళ్లీ ప్రయత్నించి, కూర్చుండిపోయింది.

"మీరు వెళ్లండి," అంది నేలకేసి చూస్తూ. "ఇప్పుడే కాదు. అక్కడికి కూడా మీరొక్కరే వెళ్లండి. చూసొచ్చి నాకు చెప్పండి."

బావగారు ఆమె మోకాలు చూశారు. చీర మీదనుంచి కూడా వాపు తెలుస్తోంది.

"ఎప్పట్నుంచి?"

నేనే ఒట్టు గట్టున పెట్టి చెప్పేశాను. ఆయన ముఖం వాడిపోయింది. చార్టు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"టిక్కెట్లు వెనక్కిచ్చేస్తాను. నీ కాలి కన్నా ఊరు ముఖ్యమా?"

అక్క నాకేసి చూసింది. చెప్పలేదూ అన్నట్టుంది ఆ చూపు.

అప్పుడు ఓనరమ్మ హ్యాంగరు మీదనుంచి ఒక బూడిదరంగు కోటు తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఆ తెర చూడ్డానికి తొమ్మిది నిమిషాలు వేశారటగా బాబూ. అది గోడంత ఉంటుందట. ఇది ఒక్క కోటే. ఎలుక కొరికింది, మీ ఆవిడ కుట్టింది. కుట్టిందెక్కడో చూపించి మీ ఇష్టమొచ్చిన చోటికి వెళ్లండి."

బావగారు కోటుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. కళ్లద్దాలు తీసి చూశారు, పెట్టి చూశారు. ఇరవై ఏళ్లలో ఆయనెప్పుడూ ఈ షాపు గడప దాటి రాలేదు. ఆమె పని మొదలెట్టే వేళకి ఆయన డిపోలో ఉండేవారు. ఓనరమ్మ తెప్పించిన టీ తొరక కట్టింది. గోడ గడియారం వైపు చూసింది నేనే. ఇరవై మూడు నిమిషాలు.

చివరికి ఆయన వేలు పెట్టారు. "ఇక్కడ!"

"అది జేబండీ," అంది అక్క, నవ్వు ఆపుకోలేక.

ఆయన స్టూలు పక్కన నేల మీద కూర్చున్నారు. అక్క ఆయన వేలు పట్టుకుని, కాలరు కిందికి జరిపి ఒకచోట ఆపింది. తడిమి చూశారు. తల అడ్డంగా ఊపారు.

"ఇలాంటివి ఎన్ని చేశావు?"

"ఎవరు గుర్తు పెట్టుకుంటారు? మీ ఒంటి మీదున్న చొక్కాకే రెండున్నాయి."

ఆయన చొక్కాకేసి చూసుకున్నారు. జేబులోంచి చార్టు తీసి నేల మీద పరిచారు, చెవి వెనక పెన్సిలు తీశారు.

"డ్రైవరుకి వేళకి రెస్టివ్వకపోతే యూనియన్ వాళ్లు నా బల్ల విరగ్గొడతారు," అన్నారు. "నీకో యూనియన్ లేకపోయింది."

రాజభవనం కొట్టేశారు, నాటకశాల కొట్టేశారు. ముప్ఫై ఏడులో నాలుగు మిగిలాయి. మ్యూజియాన్ని రెండో రోజు మొదటి వరుసకి తెచ్చి, పక్కన 'కుర్చీ అడగాలి' అని రాశారు. రాక: 10.00. పోక గడి దగ్గర పెన్సిలు కాసేపు ఆగి, మళ్లీ చెవి వెనక్కి వెళ్లిపోయింది.

"బావా, గడి ఖాళీగా ఉంది."

"చూశానోయ్."

అక్క దారాల పెట్టె తెరిచి, ఆ బొమ్మ తీసి చార్టు మధ్యలో పెట్టి మడిచింది.

ఇంటికి బస్సులోనే వెళ్దామన్నారు బావగారు. స్టాపులో అక్కకి బెంచీ దొరికింది. బావగారే టైము వేసిన బస్సు పదకొండు నిమిషాలు లేటుగా వచ్చింది. ఆయన గమనించలేదు. చొక్కా అంచు ఎండలోకి పట్టుకుని, ఇంకా వెతుకుతున్నారు.